ముందుగది బండి

మోటారు సైకిలు ముందుగదిలో ఉంటుంది. మా అత్తగారు మేడ మీద ఉంటారు. నా కుట్టుమిషను మెట్ల కింద ఉంటుంది. మా ఇల్లు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఈ మూడు ముక్కలు చెబితే చాలు, మిగతాదంతా వాళ్లకే తెలిసిపోతుంది.

అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డాక తుంటి ఎముక అతికింది గానీ, మెట్లు దిగే ధైర్యం అతకలేదు. అప్పటినుంచీ పాలు, భోజనం, వేణ్నీళ్లు, మందులు, ఉతికిన దుప్పట్లు పైకి మోసేదీ, ఎంగిలి పళ్లేలూ విడిచిన బట్టలూ కిందికి తెచ్చేదీ నేనే. మిషను ముందు కూర్చుని ఒక జాకెట్టు చెయ్యి కుట్టేలోగా పైనుంచి చేతికర్ర టకటకమంటుంది. లేవబోతే మెట్టు నెత్తికి తగులుతుంది. ముందుగదికి వీధివైపు కిటికీ ఉంది, ఆనుకునే స్నానాలగది ఉంది. మంచం అక్కడ వేస్తే ఆవిడకి వచ్చేపోయే జనం కనబడతారు, నాకు మోకాళ్లు మిగులుతాయి. ఈ మాట మా ఆయనతో అనీ అనీ నా నోరు అరిగిపోయింది.

"బండి ఎక్కడ పెట్టమంటావు, వానలోనా?" అంటారు.

"అమ్మేయండి."

"నాన్న బండి."

ఆ రెండు మాటలతో ఆ పూటకి అయిపోతుంది.

ఈ ఏడు మాత్రం ఆయన కాస్త మెత్తబడ్డారు. పాతబళ్లు పోగుచేసే ఆసామి ఒకాయన, తన హాల్లో మామగారి పేరు బోర్డు రాయించి మరీ పెట్టుకుంటానన్నాడట. ఒక్కటే షరతు. తెలిసినవాడి చేత పరీక్ష చేయించి, బండి ఒరిజినలే అని కాగితం తీసుకురావాలి.

"కాగితం వచ్చిందా, ఇచ్చేస్తాను. రాలేదా, ఇంక నువ్వా గది మాట ఎత్తకు" అన్నారు మా ఆయన.

సరేనన్నాను. అన్నాను గానీ ఆ కాగితం వస్తుందని నమ్మకం లేదు. ఎందుకంటే ఆ బండి సగమే మా మామగారిది.

మామగారు పోయాక పెద్దమనుషులు కూర్చుని ఇల్లూ దుకాణమూ దగ్గర్నుంచి గిన్నెలూ కుర్చీల దాకా పంచారు. బండి దగ్గరికి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ బిగుసుకుపోయారు. నాకంటే నాకన్నారు. చివరికి ఇంజిన్ ఊడదీసి తమ్ముడికీ, మిగతా ఒళ్లంతా అన్నకీ ఇచ్చారు. ఈ ఉపాయం ఎవరిదో నేను వినలేదు, వంటింట్లో అందరికీ టీ పెడుతున్నాను. వినబడిందల్లా ఇద్దరూ ఒప్పుకోవడమే. తనకి పూర్తిగా దక్కకపోయినా పర్లేదు, ఎదుటివాడికి దక్కకుండా ఉంటే చాలన్నట్టు ఒప్పుకున్నారు. నెల తిరక్కుండా మా ఆయన పాత ఇనుము బజారంతా గాలించి అదే కంపెనీ ఇంజిన్ ఒకటి తెచ్చి బిగించుకున్నారు. మా మరిది ఎక్కణ్ణించో ఇంజిన్ లేని ఒక ఛాసిస్ సంపాదించి తన ఇంజిన్ అందులో పెట్టుకున్నాడు. అలా రెండిళ్లలోనూ నాన్న బండి వెలిసింది. అన్నదమ్ములకి మాటలు పోయాయి.

మా ఆయన ప్రతి ఆదివారం ఆ బండిని తుడుస్తారు. తుడిచీ తుడిచీ, ఆ ఇంజిన్ తను కొని తెచ్చిందన్న సంగతే మర్చిపోయారు. అబద్ధమాడుతున్నారని నేననను. నిజంగానే మర్చిపోయారు.

పరీక్ష చేసే మనిషి వచ్చిన పొద్దున ఆయన నన్ను వంటింటి గుమ్మం దగ్గర ఆపి, "నువ్వు మధ్యలో మాట్లాడకు" అన్నారు.

"నేనెందుకు మాట్లాడతాను? నాకు గది కావాలి" అన్నాను.

వచ్చినాయన అరవై దాటిన మనిషి. మెడలో ఒక కళ్లజోడు, ముక్కు మీద ఒక కళ్లజోడు. సంచిలోంచి పాత దుప్పటి తీసి నేలమీద పరిచి, నడుం పట్టుకుని మెల్లిగా దాని మీదికి దిగాడు. టార్చిలైటు, పళ్ల డాక్టరు దగ్గర ఉండేలాంటి చిన్న అద్దం, దారానికి కట్టిన అయస్కాంతం పక్కన పెట్టుకున్నాడు. ఆయన వాలకం చూస్తే బండికంటే ఆయనకే ముందు పరీక్ష అవసరం అనిపించింది.

"మా నాన్నగారి బండండీ. ఒక్క బోల్టు మార్చలేదు" అన్నారు మా ఆయన.

"ఏ ఇంటికెళ్లినా నాన్నగారి బండేనండీ. మేం కొన్నామని చెప్పినవాడు నాకింతవరకూ తగల్లేదు" అన్నాడాయన, పైకి చూడకుండానే.

పెట్రోలు ట్యాంకు మీద అయస్కాంతాన్ని ఒక్కో చోట ఆనించి వదులుతూ వచ్చాడు. అది టక్కున అంటుకుంటోంది. ఒక్కచోట మాత్రం జారింది. "ఇక్కడ సొట్టపడితే లప్పం పెట్టారు" అన్నాడు.

"గోడకి రాసుకుంది. నేనే, కుర్రతనంలో" అన్నారు మా ఆయన.

"పర్లేదు. సొట్ట కూడా మీ ఇంటిదేగా."

సీటు కింద స్ప్రింగులు నొక్కి చూశాడు. మడ్‌గార్డు లోపలివైపు గుడ్డతో రుద్ది, పైరంగు కింద ఇంకే రంగుందో చూశాడు. బోల్టుల తలలు వేలితో తడిమాడు. తడిమిన ప్రతిసారీ "ఊఁ" అంటాడు. ఆ ఊఁ కొట్టినప్పుడల్లా మా ఆయన ఛాతీ కొంచెం పొంగుతోంది. నేను టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నించుని, గది కొలతలు వేసుకుంటున్నాను. మంచం కిటికీ కింద. మందుల బల్ల ఈ మూల. మిషను ఆ గోడవారకి. బండి ఒరిజినల్ కాదని ఆ గదిలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అయివుండి, ఒరిజినలే అని ఆయన నోట రావాలని నేనే కోరుకుంటున్నాను.

హ్యాండిల్ కింద, బండి మెడ దగ్గర చిన్న బ్రష్షుతో దుమ్ము దులిపి టార్చి వేసి, ఛాసిస్ నంబరు పైకి చదివాడు. "ఇది ఫ్యాక్టరీలో కొట్టిన అచ్చే. అరగదీసి మళ్లీ కొట్టింది కాదు. అంకెల కాళ్లు చూడండి, ఎంత నిండుగా ఉన్నాయో" అన్నాడు. తర్వాత దుప్పటి మీద పడుకుని ఇంజిన్ కిందికి అద్దం పెట్టాడు. ఈసారి ఊఁ అనలేదు. చాలాసేపు చూశాడు. కళ్లజోడు మార్చి చూశాడు.

లేచి కూర్చుని టీ అందుకున్నాడు.

"ఈ మోడల్లో కంపెనీవాళ్లు ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ ఒకే నంబరు కొట్టేవాళ్లండీ. మీ ఇంజిన్ కూడా అసలుదే. కాకపోతే వేరే బండిది."

మా ఆయన నీళ్లు నమిలారు. "అప్పట్లో... ఎప్పుడో రిపేరుకి ఇచ్చినప్పుడు..."

"ఈ ఛాసిస్ నంబరు గల ఇంజిన్ నేను చూశాను." ఆయన గొంతులో గెలుపేమీ లేదు, అలసట తప్ప. "రైలు కట్టకి అవతల రేకుల షెడ్డులో ఉంది. దాని ఛాసిస్ వేరేది. అక్కడాయన కూడా ఇలాగే, ఒక్క బోల్టు మార్చలేదన్నారు. ఇదే మాట, ఇదే గొంతు. మీకేమవుతారు?"

మా ఆయన గోడమీద బల్లి ఉన్నట్టు అటు చూస్తున్నారు.

"తమ్ముడు" అన్నాను నేను.

మాట్లాడనని ఒప్పుకున్నదాన్నే. కానీ ఆ మౌనాన్ని కూడా నేనే మెట్లెక్కించి దించాలంటే నా వల్ల కాలేదు.

ఆయన తల పంకించి టీ పూర్తి చేశాడు. "ఇలా విడివిడిగా అయితే రెండూ పాత సామానే. ముచ్చటపడి ఎవరైనా కొనుక్కుంటారు, అంతవరకే. ఈ ఛాసిస్‌కి దాని ఇంజిన్ చేరిస్తే మాత్రం, ఇలాంటిది నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చూశాను. రెండు బళ్లూ ఒకచోట పెట్టి, ఇంజిన్లు మార్పించి కబురు పెట్టండి. వచ్చి కళ్లారా చూసి కాగితం రాసిస్తాను."

"అప్పుడు ఒరిజినల్ ఎవరిదవుతుంది?" అని అడిగారు మా ఆయన.

"నేను బళ్లనే చూస్తానండీ. మనుషుల సంగతి నాకొదలకండి" అని దుప్పటి మడతపెట్టుకున్నాడాయన.

ఆ సాయంత్రమంతా మా ఆయన ముందుగదిలో పీట వేసుకుని ఆ ఇంజిన్ వంక చూస్తూ కూర్చున్నారు. కొత్తగా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నారు. నేను భోజనం పళ్లెంతో పైకి వెళుతుంటే, "వాణ్ణి ఆ ఇంజిన్ తెచ్చిమ్మను" అన్నారు.

"నేనా అనేది?"

"నీకు ఆవిడతో మాటలున్నాయిగా. నాకు తెలీదనుకోకు."

ఉన్నాయి. నేనూ మా తోడికోడలూ కూరగాయల బజారులో కలుసుకుంటూనే ఉంటాం. మర్నాడు టమాటాల బండి దగ్గర దొరికింది. నేను నోరు తెరిచేలోపే, "మీ ఇంటికీ వచ్చాడా అక్కా, ఆ రెండు కళ్లజోళ్లాయన?" అంది.

"వచ్చాడు. ఇంజిన్ తెచ్చిమ్మంటున్నారు మీ బావగారు."

"ఈయనేమో ఛాసిస్ తెచ్చిమ్మంటున్నాడు."

"ఛాసిస్‌ని సంచిలో వేసుకుని రాలేను కదే."

అది నవ్వింది. నవ్వి, టమాటాలు ఏరడం ఆపి, బండి అంచు పట్టుకుని నించుంది. "ఇంజినే బండికి ప్రాణం, ఒళ్లుదేముంది అంటాడు. పొద్దున లేస్తే అదే గోల. మీ బావగారు ఏమంటారు?"

"ఒళ్లే బండి, నాన్న కూర్చున్న సీటు మా దగ్గరే ఉంది, ఇంజిన్‌దేముంది అంటారు."

"ఇద్దర్నీ కలిపి కడితే ఒక పూర్తి మూర్ఖుడు అవుతాడు అక్కా. ఒరిజినల్."

"అది చెప్పడానికి కళ్లజోళ్లాయన అక్కర్లేదు. మనమే రాసివ్వొచ్చు."

కూరలబ్బాయి సంచి పట్టమని కసిరేదాకా ఇద్దరం అలా నించునే ఉన్నాం. వెళ్లేముందు, "అత్తయ్య ఎలా ఉన్నారు?" అని అడిగింది. పైనే ఉన్నారని చెప్పాను. నా మోకాళ్ల వంక చూసింది.

ఆ మధ్యాహ్నం అత్తగారి గోళ్లు తీస్తున్నాను. పైగదిలో ఎండ మంచం దాకా వచ్చి ఆగింది. ఆవిడ పాదం నా ఒళ్లో పెట్టుకుని నేను వంచిన తల ఎత్తకుండా ఉంటే, ఆవిడే అడిగారు.

"నిన్న కింద ఎవరో మగమనిషి గొంతు వినబడింది."

"బండిని చూడ్డానికొచ్చాడు అత్తయ్యా."

"బాగుందన్నాడా?"

చెప్పకూడదనుకున్నాను గానీ, దాచే ఓపిక కూడా లేకపోయింది. నంబర్లు కలవలేదనీ, ఇంజిన్ ఉన్నచోటు ఆయన గుర్తుపట్టాడనీ, ఇప్పుడు మీ కొడుకులిద్దరూ నువ్వు తేవాలంటే నువ్వు తేవాలని కూర్చున్నారనీ మొత్తం చెప్పాను. ఆవిడ కిటికీలోంచి ఎదురింటి నీళ్లట్యాంకు వైపు చూస్తూ విన్నారు. ఆ కిటికీలోంచి కనబడేది అదొక్కటే.

"ఇంజిన్ ఊడదీసి పంచమన్నది నేనే అమ్మాయ్" అన్నారు.

నా చేతిలో గోళ్ల కత్తెర ఆగిపోయింది.

"మీరా?"

"అన్నీ విడిపోయాయి. ఇల్లు విడిపోయింది, గిన్నెలు విడిపోయాయి. ఇంక వీళ్లిద్దరికీ ఒకరి గుమ్మం ఒకరు తొక్కే పనేముంది? అందుకని పంచడానికొచ్చిన పెద్దాయన చెవిలో వేశాను. ఇంజిన్ లేని బండి కదలదు, బండి లేని ఇంజిన్ మూల పడుంటుంది. ఎన్నాళ్లని చూస్తూ కూర్చుంటారు? ఇద్దరికీ బండంటే పిచ్చి. నెలో రెండు నెలలో చూసి, ఎవడో ఒకడు రెండోవాడింటికి వెళ్లి రారా బిగిద్దాం అంటాడనుకున్నాను."

రాలిన గోళ్లు ఏరి కాగితంలో వేశాను.

"బజార్లో ఇంజిన్లు దొరుకుతాయని నాకేం తెలుసు?" అన్నారు. "వీడు మర్నాడే సంచి పట్టుకుని బయల్దేరాడు. వాడు ఛాసిస్‌కి అడ్వాన్సు ఇచ్చొచ్చాడు. రెండు బళ్లు చప్పుడు చేస్తుంటే ఇంక నేనేం మాట్లాడను?"

"ఇన్నాళ్లూ చెప్పలేదే."

"ఏమని చెప్పను? కలపడానికి విడదీశానని చెప్పనా?" ఆవిడ కాలు నా ఒళ్లోంచి తీసుకోబోయి, నొప్పికి ఆగిపోయారు. "ఆ చిటికెనవేలు మిగిలిపోయింది, చూడు."

చిటికెనవేలి గోరు తీసి, చెత్త కాగితంలో చుట్టుకుని కిందికి దిగాను.

మా ఆయన పీట మీదే ఉన్నారు. చేతిలో గుడ్డ ఉంది గానీ తుడవడం లేదు. నేను గుమ్మానికి ఆనుకుని, పైన విన్నది విన్నట్టు చెప్పేశాను. గొంతు పెంచలేదు. పెంచే శక్తి లేదు.

"అమ్మ అలా అందా?" అన్నారు.

"అన్నారు."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"మీరు మర్నాడే సంచి పట్టుకుని వెళ్లారటగా. చెప్పే వ్యవధి ఎక్కడిచ్చారు?"

ఆయన గుడ్డని నాలుగు మడతలు పెట్టారు. విప్పి మళ్లీ పెట్టారు. ఆ ఇంజిన్ కోసం ఎండలో ఎన్ని కొట్లు తిరిగారో, తెచ్చిన రోజు చేతులకి గ్రీజుతోనే ఎంత సంబరపడ్డారో నాకూ గుర్తుంది. ఆ మాట ఇప్పుడు అనలేదు.

"నేను వాడింటికి వెళ్లను" అన్నారు చివరికి.

"మిమ్మల్ని వెళ్లమన్లేదు. బండి వెళ్తుంది. రెండూ ఒకచోట పెట్టమన్నాడుగా ఆయన. ఇక్కడ రెండోది పట్టదు. వాళ్లకి షెడ్డు ఉంది."

"వెళ్తే మళ్లీ రాదు."

"రాకపోతే పోనివ్వండి. ఒరిజినల్ అన్నదగ్గర ఉంటే ఏమిటి, తమ్ముడి దగ్గర ఉంటే ఏమిటి, ఆ ఆసామి హాల్లో ఉంటే ఏమిటి? మీ ముగ్గురూ తేల్చుకోండి. నాకు ఈ గది కావాలి. ఇంక నేను మెట్లెక్కలేను. రేపటినుంచీ మీ అమ్మగారి బెడ్‌పాన్ మీరు మొయ్యండి, బండి ఇక్కడే ఉంచుకోండి."

ఆయన నా మొహంలోకి చూశారు. బెదిరిస్తున్నానేమోనని వెతికారు. అలాంటిదేమీ దొరికినట్టు లేదు.

"అమ్మని ఒక్కణ్ణే దింపలేను" అన్నారు. "కుర్చీలో కూర్చోబెట్టి దింపాలంటే ఇద్దరుండాలి."

"పిలుస్తాను" అన్నాను.

తోడికోడలికి ఫోను చేస్తే, ఎందుకు ఏమిటి అని అడగలేదు. "రేపు పొద్దున లాక్కొస్తాను అక్కా" అంది. బండినో మొగుణ్ణో చెప్పలేదు.

మర్నాడు వచ్చారు. మరిది గేటు దగ్గరే ఆగిపోయి, చెప్పులో రాయి ఉన్నట్టు కాలు దులుపుకుంటున్నాడు. మనిషికి బాగా బట్టతల వచ్చేసింది. తోడికోడలు అతన్ని దాటుకుని లోపలికొచ్చి, "ముందు అత్తయ్య. తర్వాత బండి" అంది, ఎవరితోనూ కాకుండా అందరితోనూ.

అత్తగార్ని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి చీరతో నడుముకి కట్టాం. మా ఆయన పైన వీపువైపు పట్టుకున్నారు. మరిది కింద కాళ్లవైపు పట్టుకున్నాడు. మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతున్నారు. అత్తగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు.

"వెనక మెట్టు విరిగుంది, చూసుకో" అన్నారు మా ఆయన.

"తెలుసు" అన్నాడు మరిది. "విరగ్గొట్టింది నువ్వే."

కిందికొచ్చేసరికి ఇద్దరి చొక్కాలూ వీపులకి అంటుకుపోయాయి. మధ్యగదిలో కుర్చీ దించి ఇద్దరూ ఒకేలాగ నడుం మీద చేతులేసుకుని ఊపిరి తీసుకుంటుంటే, అత్తగారు కళ్లు తెరిచి ఒకసారి పెద్దకొడుకునీ ఒకసారి చిన్నకొడుకునీ చూశారు. ఏమైనా అంటారేమోననుకున్నాను. "దాహంగా ఉంది" అన్నారు.

బండి గుమ్మం దాటడానికి కాస్త పేచీ పెట్టింది. హ్యాండిల్ అటు తిప్పీ ఇటు తిప్పీ, మడ్‌గార్డు తలుపుకి రాసుకోకుండా గోనెపట్టా అడ్డం పెట్టీ బయటికి తోశారు. అన్న హ్యాండిల్ పట్టుకున్నారు. తమ్ముడు వెనకనుంచి నెడుతున్నాడు. మధ్యలో వంగి ఇంజిన్ వంక చూసి, "దీనికి ఎంతిచ్చావు?" అని అడిగాడు. మా ఆయన ఏం చెప్పారో వినబడలేదు. వీధి మలుపు తిరిగిపోయారు. మా తోడికోడలు పమిట బిగించి వాళ్ల వెనకాలే నడిచింది, పశువుల్ని తోలుకెళ్లే మనిషిలా.

నేను చీపురు పట్టుకుని ముందుగదిలోకి వెళ్లాను. బండి ఉన్నచోట నూనె మరక నల్లగా ఇంకిపోయి ఉంది. సబ్బుపొడి వేసి రుద్దాను, వేడినీళ్లు పోసి రుద్దాను. అంచులు కొంచెం పలచబడ్డాయి గానీ మరక పోలేదు. మంచం ఈడ్చి దాని మీదే వేశాను. దుప్పటి పరిచి, అత్తగార్ని పట్టుకుని కూర్చోబెట్టి, కిటికీ రెండు రెక్కలూ తీశాను.

"పెట్రోలు వాసన" అన్నారావిడ, ముక్కు చిట్లిస్తూ.

"పోతుంది లెండి."

"వాళ్లు ఏమైనా మాట్లాడుకున్నారా?"

"దీనికి ఎంతిచ్చావని అడిగాడు మీ చిన్నబ్బాయి."

"వీడేమన్నాడు?"

"వినబడలేదు అత్తయ్యా."

ఆవిడ కిటికీ వైపు మెడ సాచి కాసేపు వీధిలోకి చూశారు. ఎవరో సైకిలు మీద వెళ్లారు. ఎదురింటావిడ తడిబట్టలు దులిపి ఆరేస్తోంది. నేను మంచం చివర కూర్చున్నాను. మెట్ల కింద మిషను మీద సగం కుట్టిన బట్ట వేలాడుతోంది. దాన్ని కూడా ఇటు లాగాలి.

"అమ్మాయ్" అన్నారు అత్తగారు. "కళ్లజోడు పైనే ఉండిపోయింది. తిరిగొస్తే ఇద్దరూ కలిసొస్తున్నారో లేదో కనబడాలిగా."

"తెస్తాను అత్తయ్యా" అన్నాను. అని, కూర్చునే ఉన్నాను.